మేకుకు మిగిలిన బిళ్ల

"ఇంకా ఎంతసేపు టీచరమ్మా?" తాళంకప్ప చేతిలో ఆడిస్తూ ఆఫీసరు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "బడి మూతకి ఇవాళే ఆఖరు. చీకటి పడేలోగా తాళం పడలేదో, మళ్లీ ఏడాది దాకా ముట్టుకోడానికి లేదు."

"మూసెయ్యండి సార్. రేపట్నుంచి మా పిల్లలు గుట్ట దాటి నడుస్తార్లెండి. ముందా బిళ్ల ఎవరిదో తేలనివ్వండి." పంతులమ్మ గోడ మేకు వైపు చూపించింది.

గని మూతబడ్డాక కంపెనీ ఆ ఊరికి వదిలి వెళ్లినవి రెండే: ముసలాళ్ల దగ్గు, ఈ ఒంటిగది బడి. ఒకప్పుడది హాజరు గది. గనిలోకి దిగేవాడు తన ఇత్తడి బిళ్లను గోడ మేకుకు తగిలించి, పైకొచ్చాక తీసుకెళ్లేవాడు. బడి పెట్టాక పిల్లలకూ అదే అలవాటు చేశారు. మేకుకు బిళ్ల ఉందంటే మనిషి లోపలున్నట్టే. తలుపు మూయకూడదు.

ఇవాళ పిల్లలంతా వెళ్లిపోయినా ఒక బిళ్ల మిగిలింది. దాని మీది అంకె అరిగిపోయింది.

ఆయా రొప్పుతూ వచ్చింది. "ఇల్లిల్లూ తిరిగానమ్మా. అందరూ ఉన్నారు. ఒకడైతే నన్ను చూసి మంచం కిందికి దూరాడు, మళ్లీ బడికి లాక్కుపోతాననుకుని!"

"ఇంకేం, వేసేద్దాం తాళం" అన్నాడు ఆఫీసరు.

"వేస్తావు నాయనా, ఎందుకు వెయ్యవు!" గుమ్మానికి అడ్డంగా కూర్చున్న గని మేస్త్రి తాత దగ్గాడు. "అందరూ ఇళ్లకెళ్లారనే గని నోరు మూయించాడు నీలాంటి ఆఫీసరొకడు. అప్పటికి మా తమ్ముడి బిళ్ల మేకుకే ఉంది."

ఆఫీసరు గుమ్మం నుంచి ఒకడుగు వెనక్కేశాడు.

"తగిలించినవాళ్లే వచ్చి తియ్యాలి. అందాకా కూర్చో."

ఆయన కూర్చోలేదు. నిమిషానికోసారి వాచీ, ఆ వెంటనే ఆకాశం చూస్తూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పంతులమ్మ బీరువా వెనక కూడా వెతికింది. జనం పాత గోతులన్నీ గాలించి ఉత్త చేతులతో వచ్చారు. పొద్దు గుంకింది.

"మీ ఊరికో దండం!" ఆఫీసరు తాళంకప్పను జీపులోకి విసిరాడు. "లోపల పిల్లలున్నారన్న అనుమానంతో మూయలేదని రాసుకుంటాను. నా ఉద్యోగం ఊడితే మీదే పూచీ!"

"ఊడితే ఇటే రండి సార్, ఒకటో తరగతిలో ఖాళీలున్నాయి" అంది ఆయా.

గుట్ట మలుపు తిరిగేదాకా ఆయన చిటపటలాడుతూనే ఉన్నాడు.

మేకుకు మిగిలింది, ఈ బళ్లోనే చదువుకున్న ఆయన చిన్నప్పటి బిళ్లే; వచ్చీ రాగానే గుట్టుగా తనే తగిలించాడు.