ఆగని పాట

కంప్యూటర్ పాటతో కలవలేకపోతే, వచ్చే ఆదివారం తర్వాత సువార్తమ్మగారు క్వయర్‌లో నిలబడనక్కర్లేదని పాస్టరుగారు చెప్పేశారు.

హార్మోనియం మూలపడ్డాక గన్నవరం చర్చికి కంప్యూటర్ వాయించే మిడి పాటల ఫైళ్లు తెచ్చింది విజయవాడలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే యేసుకుమార్. నల్ల తెర మీద ఒక్క లైను టైపు చేసి ఎంటర్ కొడితే కీర్తన మోగేది. ప్రతి చరణం చివరా సువార్తమ్మగారు తీసే రాగం అయ్యేదాకా హార్మోనియం ఆగేది. కంప్యూటర్ ఎవరి కోసమూ ఆగదు. ఆవిడ మొదటి చరణంలో ఉండగానే అది రెండోది ఎత్తుకునేది.

“సాధన చేస్తే అదే వస్తుంది పెద్దమ్మా” అంటూ యేసుకుమార్ ఆ పాటను క్యాసెట్టులోకి మార్చి ఇచ్చాడు.

ఇచ్చాడే గానీ, డెబ్బై ఏళ్ల మనిషి ఇప్పుడేం మారుతుందని అతనికి జాలేసింది. శనివారం కూర్చుని ఆ ఫైలును ఏ స్వరం ఎంతసేపో తెలిసే అంకెల్లోకి విప్పి, ప్రతి చరణం చివరా ఆవిడ రాగానికి సరిపడా వేగం తగ్గించి, మళ్లీ మిడిగా మార్చాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఎంటర్ కొట్టాడు. సువార్తమ్మగారు రాగం తీయలేదు. క్యాసెట్టు నేర్పినట్టే ఠక్కున చరణం ముగించి రెండోది అందుకున్నారు. కంప్యూటర్ మాత్రం మొదటి చరణం చివరే సాగదీస్తూ ఉండిపోయింది.

పాట అయ్యాక పాస్టరుగారు విసుక్కున్నారు. “ఇక ఆ పెట్టె వద్దు, తీసెయ్యవయ్యా!”

“పాపం, అంత మాటనకండి పాస్టరుగారూ,” అన్నారు సువార్తమ్మగారు. “దానికీ ఓ వారం గడువివ్వండి. సాధన చేస్తే అదే వస్తుంది.”