కూర్చునే గుంపు

వ్యాయామం మీద మూడు నెలల పరిశోధన ముగిసింది. చీటీలు తీసినప్పుడు వ్యాయామం చేయకుండా కూర్చునే గుంపులో పడ్డ సువార్త ఆంటీ, రక్తపరీక్ష రిపోర్టు కోసం ల్యాబుకొచ్చింది.

"రేపట్నుంచి మీరూ నడవొచ్చాంటీ," అంది ఆ పరిశోధన చేసిన ఎమిలీ.

"ఇంకెక్కడి నడక తల్లీ! చిలకలగూడ నుంచి ఆటోలో వస్తేనే ఆయాసం. గుండె బలహీనమైంది, ఇక నడవొద్దన్నాడు డాక్టరు. ఇదివరకైతే రోజూ చర్చికి నడిచే పోయేదాన్ని."

"మరెందుకు మానేశారు?"

"కూర్చోమన్నావు గదా. మాటిచ్చి దొంగచాటుగా నడుస్తానా?"

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టొద్దని చెప్పడమే ఎమిలీ ఉద్దేశం, ఉన్న నడక మానమని కాదు.

"ఇంతకీ నా రక్తం మీకు పనికొచ్చిందా?"

నడిచినవాళ్ల రక్తంలో ఒంటికి మేలుచేసే యాంటీఆక్సిడెంట్లు పెరిగాయి. అవి అందరికంటే ఎక్కువగా పడిపోయింది ఆంటీకే. ఆ తేడా చూసే ఎమిలీ పరిశోధన గైడు పొద్దున అందరికీ స్వీట్లు పంచారు.

"చాలా పనికొచ్చిందాంటీ," అంది ఎమిలీ.