తెగిన వైరు

"కారు మూడో గేరు వదలకపోతే కొండెలా ఎక్కను? గంట నుంచి ఏం వెతుకుతున్నావ్? ఈ నారిన్ ఊళ్లో ఇంకో మెకానిక్ లేకపోవడం నా ఖర్మ," అన్నాడు కుబాత్.

బురుల్ కారులోకి వంగింది. ముందు సీటు దగ్గర మ్యాట్ ఎత్తింది. గేర్లు మార్చే కంప్యూటరుకు వెళ్లే వైరు తెగి ఉంది. ఎలుక కొరికినట్టు లేదు, ఒరుసుకుని అరిగినట్టూ లేదు. కత్తెరతో కత్తిరించినట్టు నున్నగా ఉంది.

"ఈ కారు ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరు ముడతారు? పొద్దున మా అమ్మ లోపలంతా తుడిచింది, కోడలు కూర్చుంటుందని. రేపు ఆ పిల్ల బిష్కెక్ వెళ్లిపోతుంది. ఇవాళే ఎత్తుకురావాలి. ఈ మంచులో ఆ కొండెక్కే బండి ఇదొక్కటే."

"ఆ పిల్లకి తెలుసా?"

"కారులో పడేశాక తెలుస్తుందిలే. అప్పట్లో మా అమ్మకి మాత్రం ముందే తెలుసా ఏంటి? నాన్న ఆమెనీ ఇలాగే ఎత్తుకొచ్చాడు." నవ్వాడు.

బురుల్ ఆ వైరు కొసలను వేళ్లతో తడిమింది. అతికిస్తే పది నిమిషాల పని.

"కంప్యూటరు కాలిపోయింది. కొత్తది రావాలంటే వారం పడుతుంది."

"నువ్వూ ఒక మెకానిక్‌వేనా!" టైరును తన్ని, మంచులో నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

బురుల్ తెగిన కొసలను మళ్లీ మ్యాట్ కింద దాచింది, కుబాత్ వాళ్లమ్మ దాచినట్టే.