ఒకవైపే వినబడుతోంది

ఇరవై ఆరు ఫోన్లలో ఇరవై అయిదు రెండు రోజుల్లోనే పలికాయి. రెండువందల పద్నాలుగో నంబరు ఫోను దగ్గర బండి ఆగిపోయింది.

మూడో రోజు పొద్దున మేనేజరు టెక్నీషియన్‌ని గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఏనుగు దాటింది, తోక చిక్కింది అన్నట్టుంది నీ పని! ఒక్క ఫోనుకి మూడు రోజులా?"

"సర్వర్‌కి కలిసింది సార్. పచ్చ లైటు కూడా వెలుగుతోంది. మాటే ఒకవైపు వెళ్తోంది. నేను మాట్లాడితే ఆ సీట్లో అమ్మాయికి వినబడుతోంది. ఆ అమ్మాయి మాట్లాడితే నాకు..."

"ఆ కథలన్నీ నాకొద్దు. ఇది మందులు పంపే ఆఫీసు. ఆస్పత్రులవాళ్ళు చేస్తే ఎత్తేది ఆ సీట్లోనే. సాయంత్రానికి కాకపోతే తప్పు నీదేనని మీ కంపెనీకి రాస్తా."

టెక్నీషియన్ యాభై దాటిన మనిషి. సంచీ తీసుకుని లోపలికి నడిచాడు.

ఆ సీట్లో అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. పాత ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆర్డర్లు రాసుకుంటోంది. అతను మోకాళ్ళ మీద బల్ల కిందికి దూరి వైరు మార్చాడు. నిన్నా అదే వైరు మార్చాడు.

"అందరికీ కొత్త ఫోను ఎడమవైపు పెట్టారు. నాకు కుడివైపు పెట్టారేంటి?" పైనుంచి అడిగింది.

"మీది ఎడమచేతి వాటం కదమ్మా. రాసుకోడానికి అడ్డు రాకూడదని."

"మొదటిరోజు నేను రాకముందే పెట్టేశారుగా?"

బల్ల కింద స్క్రూడ్రైవరు చప్పుడు ఆగింది.

"పెన్నులు అటువైపున్నాయి. అందుకని..."

ఆమె మళ్ళీ ఆర్డర్లు రాసుకోసాగింది.

అతను లేచి దుమ్ము దులుపుకున్నాడు. "ఈ మీటల్లో కావలసిన నంబర్లు పెట్టుకోవచ్చు. ఒక్కటి నొక్కితే చాలు. ఇంట్లోవాళ్ళవి చెప్పండి."

"అమ్మది పెట్టండి." అంకెలు చెప్పింది.

"ఇంకెవరివైనా?"

"ఇంకెవరూ లేరు."

నంబరు రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి సరిగ్గా కొట్టాడు.

జేబులో సెల్ మోగింది. అతని యజమాని. వయసులో చిన్నవాడు.

"అన్నా, నిన్ను పన్లో పెట్టుకోవద్దని పదిమంది చెప్పినా పెట్టుకున్నా. మళ్ళీ తాగుడు మొదలెట్టలేదు గదా?"

"లేదయ్యా. ముట్టుకుని నాలుగేళ్ళయింది."

"మరి ఆ ఒక్క ఫోనూ ఎందుకు అవట్లేదు?"

"అవుతుంది" అని పెట్టేశాడు. తల తిప్పి చూస్తే ఆ అమ్మాయి తననే చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది. సర్వర్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

అక్కణ్ణుంచి రెండువందల పద్నాలుగుకి చేశాడు.

"వినబడుతోందా అమ్మా?"

"వినబడుతోంది."

"ఒకటి నుంచి పది దాకా చెప్పండి."

చెప్పింది.

"ఇంకోసారి... కాస్త నెమ్మదిగా."

మధ్యాహ్నం దాకా ఏడుసార్లు చెప్పించాడు. ఆర్డర్ల మధ్య తీరిక చేసుకుని ఏడుసార్లూ చెప్పింది. పక్క సీటువాళ్ళు నవ్వుకున్నారు. "మళ్ళీ ఒకటో తరగతిలో చేరావా?" అని ఎగతాళి చేశారు. ఆమె మాత్రం విసుక్కోలేదు.

నాలుగు గంటలకి మేనేజరు వచ్చి సర్వర్ గది తలుపు కొట్టాడు.

"అయిందా?"

"అయింది సార్."

"నువ్వు చెబితే సరిపోదు. వాడేది ఆ అమ్మాయి. పనెలా ఉందో కాగితం మీద తనే రాసి సంతకం పెట్టాలి."

అతను కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ముఖం చూడలేకపోయాడు. మళ్ళీ గదిలోకి వెళ్ళి, సామానంతా సంచీలో సర్దుకుని, ఆఖరిసారి ఫోను చేశాడు.

"ఇప్పుడు బాగా వస్తోందమ్మా. మూడు రోజులు ఇబ్బంది పెట్టాను, ఏమీ అనుకోకండి. సంతకం పెట్టేస్తే... నేను వెళ్తాను."

గది తలుపు అద్దంలోంచి చూశాడు. ఆమె తలొంచుకుని కాగితం మీద ఏదో రాస్తోంది. సంతకానికి అంతసేపు పట్టదు. ఏదో ఫిర్యాదే. ఈ ఉద్యోగం కూడా పోయినట్టే అనుకున్నాడు.

ఆమె పెన్ను కింద పెట్టి, రిసీవరు నోటికి దగ్గరగా తీసుకుని, పక్కవాళ్ళకి వినబడనంత మెల్లగా అంది:

"తప్పు మా వైరింగుదేనని రాశాను, రేపు కూడా రా నాన్నా."