కొంగున కట్టిన గోర్లు

బడి నుంచి వచ్చిన కూతురు శ్రావ్య చేతులు పట్టుకుని సుజన తిప్పి తిప్పి చూసింది.

"గోర్లు ఎవరు తీసిన్రే?"

"బడి గేటు కాడ అవ్వ."

"ఏ అవ్వ?"

"ఏమో. అందరికీ తీస్తది. తీసినంక వేలు మీద ఉఫ్ అని ఊదుతది. అందరివి పారేస్తది. నాయి మాత్రం కొంగుల ముడేసుకుంటది."

లోపల బియ్యం ఏరుతున్న ప్రేమల చేట వదిలేసి పరుగున వచ్చింది.

"అయ్యో, కొంప మునిగిందే! గోర్లు, ఎంటికలు పరాయోళ్ల చేతుల వడితే ఇంకేమన్న ఉన్నదా? బాణామతి జేస్తరే పిచ్చిదానా!"

ప్రేమల సుజనకు తల్లి. బాన్సువాడలోని ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. గోర్లు తీయడానికీ ఆమె లెక్కలు ఆమెకున్నాయి. మంగళవారం వద్దు, శుక్రవారం వద్దు, శనివారం ఊసే ఎత్తొద్దు, దీపం పెట్టాక అసలే వద్దు. మిగిలిన రోజుల్లో సుజనకు కుట్టుమిషను మీంచి లేచే తీరిక లేదు. ఇంకేముంది, పిల్ల గోర్లు హాయిగా పెరిగేవి.

కూతురి ప్రేమపెళ్లికి కూడా ప్రేమల ఒక్క షరతు మీదే ఒప్పుకుంది. అల్లుడు ఇల్లరికం రావాలి, అతని తండా నుంచి మాత్రం ఎవరూ ఈ గడప తొక్కొద్దు. రాము తలూపాడు, పెళ్లికీ అటువాళ్లెవరూ రాలేదు. లారీ ఎక్కితే వారానికోసారి దిగే మనిషి, ఇంట్లో గొడవలెందుకనుకున్నాడేమో.

శ్రావ్య అప్పటికే చిక్కి సగమైంది. ముఖం పాలిపోయింది, పొద్దు లేస్తే కడుపునొప్పి. ఇన్నాళ్లూ దిష్టి అనుకున్నారు. ఇప్పుడు అసలు సంగతి దొరికిందనుకున్నారు.

మర్నాడు పొద్దున్నే సుజన వాడకట్టు ఆడవాళ్లను వెంటబెట్టుకుని బడికి పోయింది.

గేటు పక్కన ముసలిది కూర్చుని ఉంది. మాసిన చీర. ఎడమ చెవి తమ్మె తెగి రెండుగా వేలాడుతోంది. పక్కన గిన్నెలో ఏవో తెల్లటి నీళ్లు. ఒళ్లో శ్రావ్య చెయ్యి.

"ఇడువు! నా బిడ్డ చెయ్యి ఇడువు!"

ముసలిది ఉలిక్కిపడి వదిలేసింది.

"ఎవలవే నువ్వు?"

ఏదో చెప్పబోయింది. శ్రావ్య వంక చూసి నోరు మూసుకుంది.

"అందరియి పారేస్తవు, నా బిడ్డయే ఎందుకు మూట గడుతున్నవ్?"

"ఇంటికి తీస్కపోత బిడ్డా."

"తీస్కపోయి ఏం జేస్తవ్?"

"దాసుకుంట."

ఆ మాట వినగానే ఆడవాళ్లంతా ఒక్కడుగు వెనక్కి వేశారు. మరుక్షణం మీద పడ్డారు.

ఎవరో గిన్నెను తన్నారు. నీళ్లు మట్టిలో పడి నురగ కక్కాయి. ఎవరో నెట్టారు. ముసలిది గేటుకు కొట్టుకుని పడింది, నుదురు చిట్లింది. సుజన కొంగు ముడి పట్టి గుంజింది. పాత చీర, పర్రుమని చిరిగింది.

ముసలిది లేచి రక్తం తుడుచుకుంది.

"మన్నుల ఆడుతది బిడ్డా. గోర్లు పెరగనియ్యకు."

అంతే అంది. పిట్లం రోడ్డు పట్టి నడిచిపోయింది. సుజనకు ఆ మాట బెదిరింపులాగే వినిపించింది.

ముడిని ప్రేమల పొయ్యిలో వేసింది. గోర్ల కమురు వాసన ఇల్లంతా పట్టింది. కిటికీలన్నీ తెరిచినా పోలేదు.

పీడ విరగడైందనుకున్నారు. ఎక్కడ! పిల్ల గోర్లు మళ్లీ పెరిగాయి, కింద నల్లటి మట్టి చేరింది. అన్నం చూస్తే వాంతి.

"ముసల్దాని ఉసురు తాకింది," అని ప్రేమల తాయెత్తు కట్టించింది.

ఆ వారం ఇంటికొచ్చిన రాము కూడా మనిషి మనిషిలా లేడు. ఫోను మోగితే బయటికి పోయి మాట్లాడేవాడు. బండి వేసుకుని ఎటో పోయి, చీకటి పడ్డాక ముఖం వేలాడేసుకుని వచ్చేవాడు.

"ఏమైంది?" అంటే, "ఏం లేదు," అనేవాడు.

ఒకనాడు బడిలో ప్రార్థన జరుగుతుండగా శ్రావ్య కుప్పకూలింది.

దవాఖానలో డాక్టరమ్మ పిల్ల కళ్లు చూసింది, గోర్లు చూసింది. తర్వాత సుజనను చూసింది.

"కడుపు నిండ నట్టల పురుగులున్నయమ్మా. ఒంట్ల రక్తం లేదు. గా గోర్లు సూడు, కింద ఎంత మన్నున్నదో! గదే చెయ్యి నోట్ల పెడుతుంటది. ఇంట్ల ఎవ్వరు తియ్యరా?"

సుజన కూతురి గోర్ల వంక చూసింది. తీసే మనిషిని తరిమింది తనే. ఆ గిన్నెలోవి సబ్బు నీళ్లని ఇప్పుడు తట్టింది.

"పిల్ల బతుకుతది గద మేడం?"

"రక్తం ఎక్కిస్తున్నం. రేపటిదాక ఏం చెప్పలేను."

రాము నర్సును అడిగి నెయిల్ కట్టర్ తెచ్చుకున్నాడు. మంచం అంచున కూర్చుని కూతురి చిటికెన వేలు పట్టుకున్నాడు. గోరు తీసి, మెల్లగా ఉఫ్ అని ఊదాడు.

శ్రావ్య కళ్లు తెరవకుండానే నవ్వింది.

"అవ్వ గూడ గిట్లనే ఊదుతుండె డాడీ."

రాము చెయ్యి ఆగిపోయింది.

"ఏ అవ్వ?"

"బడి కాడి అవ్వ. మమ్మీ వాళ్లు కొట్టిన్రు. రక్తమొచ్చింది."

రాము సుజన వైపు చూశాడు.

"ఎడమ చెవి తెగి ఉన్నదా?"

సుజన తలూపింది.

"కొన్ని దినాల కింద పొద్దుగాల ఇంట్ల నుంచి పోయిన మనిషి, మళ్ల తండాకు రాలేదంట. ఊరూరు దేవులాడుతున్న," అన్నాడు రాము.

కూతురి వేలు అతని చేతిలోనే ఉంది.

"మీ గడప తొక్కొద్దన్నరు గదా, గందుకే బడి గేటు కాడ కూసున్నట్టుంది మా అమ్మ."