మూత లేని డ్రమ్ము

"ఆ వాల్వు వెనక్కి పెట్టెయ్ బాబూ."

హార్డ్‌వేర్ స్టోర్‌లో, పైపులు అమ్మే వరసలో, వెనక నుంచి తెలుగు మాట వినిపించింది.

వినీత్ తిరిగి చూశాడు. స్టోర్ వాళ్ళ ఏప్రన్ కట్టుకున్న ముసలాయన. ఛాతీ మీద బ్యాడ్జీలో పేరు, రాఘవులు.

"ఈ రాగి గొట్టం చుట్ట దేనికి? కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాయడానికేనా?"

"రాకెట్ స్టవ్ అంకుల్. ఆ వేడినీళ్ళు ఫ్లోర్ కింద పైపుల్లో తిరుగుతాయి. ఇల్లంతా వెచ్చగా ఉంటుంది."

"అన్ని వైపులా బిగించేస్తావా?"

"అవును. పంప్ ఉంటుంది కదా."

"కరెంటు పోతే?"

వినీత్ కార్ట్ ముందుకి తోయబోయాడు.

రాఘవులు కార్ట్‌లోంచి ఆ గొట్టం మూసే వాల్వు తీసి అరలో పెట్టేశాడు.

"ఇది నేను అమ్మను."

వినీత్ ఇల్లు హెర్న్‌డన్ ఊళ్ళోని అతని ఆఫీసుకి గంటన్నర దూరంలో, కొండల అంచున ఉంది. అక్కడే కావాలని కొనిపించింది అతని భార్య రష్మి. ఎండాకాలంలో కూడా ఆమె పాదాలు చల్లగా ఉండేవి. నేల తవ్వించి, పైపులు పరిపించి, పైన కాంక్రీటు పోయించిందీ ఆమే. ఇక పొయ్యి ఒక్కటే మిగిలిందనగా జబ్బు బయటపడింది.

ఆమె పోయి పద్నాలుగు నెలలు.

అప్పటినుంచి వినీత్ మనసుకి ఏదీ తగలడం లేదు. అన్నం తింటాడు. మీటింగుల్లో మాట్లాడతాడు. ఎనిమిదేళ్ళ కూతురు దియని స్కూల్ బస్ ఎక్కిస్తాడు. పొయ్యి కట్టాలనీ లేదు, మానెయ్యాలనీ లేదు. "డాడీ, ఫ్లోర్ టూ కోల్డ్" అని దియ రోజూ అంటోంది కాబట్టి కడుతున్నాడు.

వాల్వు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు.

స్టోర్ నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మా సర్వీస్ ఎలా ఉందని. మీ మనిషి సరుకు అమ్మనన్నాడని రాసి పంపాడు. కోపంతో కాదు. అడిగారు, చెప్పాడు.

పదిరోజుల తర్వాత, శనివారం పొద్దున్నే, రాఘవులు వాళ్ళింటి ముందు కారు దిగాడు. డిక్కీలో పెద్ద స్టీలు డ్రమ్ము.

"మా అడ్రస్ ఎలా తెలిసింది?"

"ఇటుకలు డెలివరీకి రాయించావుగా."

"ఇవాళ డ్యూటీ లేదా?"

"తీసేశారు."

వినీత్‌కి అర్థమైంది. సిగ్గుపడాల్సిన చోటని కూడా తెలిసింది. సిగ్గు మాత్రం రాలేదు.

"నీ పొయ్యి ఒక్కసారి చూపించు బాబూ. తర్వాత నీ ఇష్టం."

వెనక షెడ్‌లో పొయ్యి సిద్ధంగా ఉంది. కింద సన్నపుల్లలు పెడితే, మంట ఇటుకల మధ్య మలుపు తిరిగి, నిలువు గొట్టంలో హోరుమని లేస్తుంది. పైన రాగిచుట్ట. దాని మీద బిగించిన వాల్వు.

రాఘవులు ఆ వాల్వు మీద చెయ్యి వేసి, కాలినట్టు చప్పున వెనక్కి లాక్కున్నాడు. ఇంకా మంటే పెట్టని పొయ్యి అది.

"రంపం ఉందా?"

వినీత్ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పాలంటే ఏదో ఒకటి అనిపించాలి.

రెండు రోజులు పనిచేశాడు ముసలాయన. బిగించినవన్నీ కోసేశాడు. డ్రమ్మును పొయ్యి కంటే ఎత్తులో నిలబెట్టాడు. రాగిచుట్టలో కాగిన నీళ్ళు అందులోకి వాటంతటవే ఎక్కేలా, నేల కింది పైపులకి వేడి అందులోంచే పంప్‌తో అందేలా కలిపాడు. డ్రమ్ముకి మూత పెట్టలేదు. పైన రేకుతో గొడుగులా కప్పి, ఆవిరి పోవడానికి కప్పులోంచి లావుపాటి గొట్టం బయటికి తీశాడు.

ఆ రెండు రోజుల్లో వినీత్ ఆయనకి కాఫీ కూడా ఇవ్వలేదు. ఇవ్వకూడదని కాదు. తోచలేదు.

నీళ్ళ బాటిల్ దియ తెచ్చిచ్చింది.

"తాతా, దీనికి లిడ్ ఎందుకు లేదు?"

"ఆవిరికి దారి ఉండాలి తల్లీ. మనం ఇవ్వకపోతే అదే చేసుకుంటుంది."

ఆదివారం సాయంత్రం పొయ్యి వెలిగించారు. నీళ్ళు వేడెక్కేదాకా రాఘవులు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున దియ సాక్స్ లేకుండా ఇల్లంతా తిరిగింది.

జనవరిలో మంచువాన పడింది. చెట్ల కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది.

పంప్ ఆగింది. పొయ్యి నిండా కట్టెలున్నాయి.

"దియా!"

ఇంట్లో లేదు.

వినీత్ పరిగెత్తాడు. దియ షెడ్‌లో, పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పైన ఎత్తులో ఉన్న డ్రమ్ములో నీళ్ళు కుతకుతా ఉడుకుతున్నాయి. కప్పు మీది గొట్టంలోంచి ఆవిరి బుస కొడుతూ ఆకాశంలోకి పోతోంది.

"డాడీ, ట్రైన్‌లా ఉంది!"

పిల్లని ఎత్తుకుని పెరటి చివరిదాకా వెళ్ళాక కూడా కిందికి దించలేదు. రష్మి పోయిన పదిహేడు నెలలకి, మొదటిసారి ఒంట్లో ఏదో కదిలింది.

ఆ శనివారం స్టోర్‌కి వెళ్ళాడు. బిల్లింగ్ కౌంటర్‌లో కృష్ణకుమారి అనే తెలుగావిడ ఉంది.

"రాఘవులు గారి నంబర్ ఇస్తారాండీ?"

"ఆ ఫోన్ పనిచెయ్యట్లేదండీ. ఎవరో కస్టమర్ కంప్లైంట్ పెడితే ఉద్యోగం తీసేశారు. రూమ్ ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

వినీత్ వెళ్ళబోయి ఆగాడు.

"మా ఇంట్లో స్టవ్ ఆయనే సరిచేశారండీ. ఎంతో అనుభవం ఉన్న మనిషి. అలాంటివి ఎన్ని కట్టి ఉంటారో!"

కృష్ణకుమారి చేతిలోని స్కానర్ కింద పెట్టింది.

"ఒక్కటేనండీ."

"ఒక్కటేనా?"

"పెన్సిల్వేనియాలో వాళ్ళింట్లోనే, అన్ని వైపులా గట్టిగా బిగించి కట్టారట, కరెంటు పోయిన పూట అది పేలినప్పుడు వాళ్ళావిడ దాని పక్కనే కూర్చుని కాళ్ళు కాచుకుంటోందట."