ఏడో నంబరు నలభై ఎనిమిది

ఆదివారం మ్యాచిలో నందిత యాభై ఒక్క పాయింట్లు చేసింది. తొండియార్‌పేట బాస్కెట్‌బాల్ క్లబ్బు బోర్డు మీద 1979 నుంచి మొదటి స్థానంలో ఉన్న ఆమె తాత నాగలింగం నలభై ఎనిమిది ఇక రెండో స్థానానికి దిగుతుంది.

"మా కాలంలో మూడు పాయింట్ల గీతే లేదమ్మా. ఎంత దూరం నుంచి వేసినా రెండే," అన్నాడు నాగలింగం.

బీరువాలోంచి ఆనాటి స్కోరుషీటు తీశాడు. తన ఏడో నంబరు ఉన్న ప్రతిచోటా వేలు పెట్టి, ఆ బంతి ఏ మూల నుంచి వేశాడో చెప్పాడు. నందిత ఓపికగా రాసుకుంది. దూరం నుంచి వేసినవి పద్నాలుగు తేలాయి. ఒక్కోదానికి ఒక్కో పాయింటు కలిపింది.

"అరవై రెండు. సరి తాతా, నువ్వే గెలిచినావు," అంది.

"ఆ రోజు నాకు తోడు కూడా లేదు. ఎనిమిదో నంబరు నా ప్రాణ స్నేహితుడు. వాడు గూడా సున్నానే."

పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న అవ్వ తల ఎత్తలేదు. క్లబ్బు సెక్రటరీ కూతురుగా ఆనాడు బల్ల దగ్గర కూర్చుని స్కోరు రాసింది ఆవిడే.

"ఎనిమిదో నంబరాయన వేసినవి గూడా ఏడో నంబరు కిందే రాసేసినాను," అంది.

"ఎందుకవ్వా?"

"మ్యాచంతా నేను మీ తాతనే చూస్తా ఉన్నాను."

నాగలింగం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. షీటును పాత మడతల్లోనే జాగ్రత్తగా మడిచాడు.

"అందుకేనా వాడు మన పెండ్లికి రాలేదు," అన్నాడు.